మూడొందల పన్నెండో గది అతిథి

అయిదున్నరకే మెలకువ వచ్చేసింది. సెలవే కదా, ఇంకాసేపు పడుకుందామని అంపారో అటు దొర్లింది, ఇటు దొర్లింది. నడుము ఒప్పుకోలేదు. ఆరింటికి లేచి, మందుబిళ్ళ మింగి, లైటు వేసి, తను పడుకున్న పక్కని తనే సర్దడం మొదలుపెట్టింది. దుప్పటి లాగి, మూల మడిచి, అరచేత్తో పరుపు కిందికి తోసింది. దిండు గలీబు మీద ముడత పోయేలా రెండు చరుపులు చరిచింది. స్నానాలగదిలో అద్దం తుడిచింది, కుళాయి మెరిసేదాకా రుద్దింది. చెత్తబుట్టలో ఉన్న ఒక్కగానొక్క నారింజ తొక్కని కూడా తీసి, బయట పారేద్దామని కాగితంలో పొట్లం కట్టింది. అంతా అయ్యాక చూస్తే ఆరూ ఇరవై. గదిలో మనిషి దిగిన ఆనవాలే లేదు. ఇప్పుడేం చెయ్యాలో తోచక కుర్చీలో కూర్చుని చేతులకేసి చూసుకుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి సంగతేమో గానీ, ముప్ఫై ఏళ్ళు హోటలు గదులు సర్దగా వచ్చిన బుద్ధి మాత్రం నాలుగు రోజుల సెలవుకి పోయేది కాదు.

డిసెంబరు మొదటివారంలో రెండు పండగలూ శనాదివారాలకి అటూ ఇటూ పడ్డాయంటే దేశం దేశమంతా పెట్టెలు పట్టుకుని రోడ్డెక్కుతుంది. వాళ్ళు ఏ ఊరు వెళ్ళినా పక్కలు వెయ్యాల్సింది అంపారో లాంటివాళ్ళే కాబట్టి, ఆ సెలవులు ఏనాడూ ఆమెకి సెలవులు కాలేదు. ఈ ఏడు అయ్యాయి. గాందియా బీచిలో ఆమె పనిచేసే హోటలు మేనేజరు, సెన్యోర్ బయార్రి, పోయినవారం తన గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ కుర్చీని తుడవడమే గానీ అందులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

"నీ నడుము సంగతి నాకు తెలీదనుకున్నావా అంపారో? సూపర్‌వైజరు రిటైరవుతోంది. కొత్త సంవత్సరం నుంచి ఆ పని నీది. ఇక దుప్పటి ముట్టక్కర్లేదు. లిస్టు పట్టుకుని తిరిగితే చాలు."

అంపారో నోరు తెరిచే లోపలే రెండోమాట కూడా చెప్పేశాడు.

"ఒక్కటే. జనవరి నుంచి మనిషికి పద్దెనిమిది గదులు కాదు, ఇరవై రెండు. ఇంకా కొన్ని కొత్త రూల్సు కూడా వస్తున్నాయి. ఆడవాళ్ళు గోల పెడతారు. నువ్వు చెబితే వింటారు. ఇప్పుడే ఏమీ అనకు. టొలేడోలో మన హోటల్లో నీకు గది పెట్టిస్తాను. నాలుగు రోజులు దొరసానిలా తిరిగిరా. మంగళవారం పొద్దున్న చెబుదువుగాని."

ఇందులో ఆలోచించడానికేముంది అనిపిస్తుంది గానీ ఉంది. ఒప్పుకుంటే రెండు పూసలు జారిన నడుము బతికిపోతుంది. ఒప్పుకోకపోతే యాభై నాలుగేళ్ళ వయసులో ఆ ఇరవై రెండు గదులూ తనూ చెయ్యాలి. ఒప్పుకుంటే అవే ఇరవై రెండూ చెలో చేత చేయించాలి. చెలో ఆమెతోపాటు పనిలో చేరిన మనిషి. అరవై ఒకటి నిండాయి, రెండు మోకాళ్ళూ బన్నురొట్టెల్లా వాచి ఉంటాయి.

తొమ్మిదింటికి బయటికి వెళ్ళబోతూ అంపారో తలుపు దగ్గర ఆగింది. వరండా చివర తోపుడుబండి చప్పుడైంది. పనమ్మాయి వస్తోంది. పండగ రోజులు, హోటలు కిక్కిరిసి ఉంది, పాపం ఈ పిల్లకి ఎన్ని గదులో. అంపారో తలుపు గుబ్బకి 'ఇబ్బంది పెట్టవద్దు' అన్న బోర్డు తగిలించింది. గాందియాలో బోర్డు ఉన్న గదంటే వరం. రెండింటికి లిస్టులో కొట్టేస్తారు, ఇంకెవరూ అడగరు. 'ఒక గది తగ్గించాను, పోనీ' అనుకుని తృప్తిగా మెట్లు దిగింది.

టొలేడో మెట్ల ఊరు. ఎక్కితే తప్ప దిగడానికి లేదు, దిగితే తప్ప ఇంకోచోటికి వెళ్ళడానికి లేదు. సొకొదొవేర్ చౌకులో కాల్చిన చెస్ట్‌నట్ల పొగ, జనం, గొడుగు ఎత్తి పట్టుకున్న గైడ్ల వెనకాల గొర్రెల్లా గుంపులు. ఎటు చూసినా జంటలూ కుటుంబాలే. ఒంటరిగా తిరిగే మనిషి అలాంటి చోట దేనికి పనికొస్తుందంటే, అందరికీ ఫొటోలు తియ్యడానికి. "సెన్యోరా, ఒక్కటి తీసిపెడతారా" అని ఫోను చేతిలో పెట్టేస్తారు. మధ్యాహ్నానికల్లా అంపారో పదిహేడు కుటుంబాలకి ఫొటోలు తీసింది. ఆమె ఉన్నది ఒక్కటీ లేదు.

భోజనానికి వెళ్ళినచోట సర్వరు ఆమె వెనకాలకి చూశాడు.

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే."

"ఇంకెవరూ రారా?"

"వస్తే చెప్తాలే నాయనా, ముందు కూర్చోనీ."

మరుగుదొడ్డి తలుపు పక్కన, కోట్లు తగిలించే కొయ్య కింద చిన్న బల్ల చూపించాడు. ఎవరిదో తడి కోటు భుజానికి తగులుతుండగా, బఠాణీలు వేసి వండిన పందిమాంసం కూర తింది. రుచిగానే ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఫినాయిలు వాసన. ఇది నిమ్మకాయ రకం, చవకది, మేం వాడేదే, అనుకుంది.

నాలుగున్నరకి కాళ్ళీడ్చుకుంటూ హోటలుకి తిరిగొచ్చేసరికి, ఆమె గది ఎదుట పనమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. యూనిఫాం మీద కోటు వేసుకుని, భుజానికి సంచి తగిలించుకుని ఉంది. గుండెల మీద పేరు: దమారిస్.

"గది సర్దమంటారా సెన్యోరా?"

"అక్కర్లేదమ్మా. నేనే సర్దేసుకున్నాను. నీకు పని తగ్గుతుందని."

అంపారో తలుపు తెరవగానే ఆ పిల్ల ఆమె భుజం మీదుగా లోపలికి చూసింది. మంచం మీద, మడిచిన దుప్పటి మూల మీద ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది.

"చాలా సంతోషం సెన్యోరా. ఇక్కడ ఒక సంతకం పెడతారా, గది సర్దొద్దన్నానని."

అంపారో పెట్టింది. దమారిస్ చీటీ లాక్కున్నంత పని చేసి, పనివాళ్ళ మెట్ల మీదుగా పరిగెత్తింది. పండగలు కదా, తొందర, అనుకుంది అంపారో. ఆ రాత్రి మంచి నిద్ర పట్టింది. మంచిపని చేశామనుకున్న రోజున నిద్ర బాగానే పడుతుంది.

శనివారం ఇంకా శ్రద్ధగా సర్దింది. స్నానాలగదిలో నేలమీద మూలల్లోని నల్లటి గీతల్ని సైతం పాత టూత్‌బ్రష్షుతో తోమింది. బోర్డు తగిలించింది. వెళ్ళింది.

కతీద్రల్ పెద్దచర్చి ముందు వరసలో గంటంబావు నిలబడ్డాక లోపలికి పంపారు. గైడు, ఎర్ర స్కార్ఫు కట్టుకున్న ఆవిడ, బంగారు పూత పూసిన పీఠం ముందు నిలబెట్టి ఏ రాజు, ఏ బిషప్పు, ఏ శిల్పి అని గడగడా చెప్పింది. అంపారో తలెత్తి చూస్తూనే ఉంది. ఆ చెక్కడపు ఆకుల సందుల్లో వేలు పట్టదు. ఏ నిచ్చెన వేస్తారో, ఏ కుంచె వాడతారో.

"ఇంకేమైనా సందేహాలున్నాయా?" అంది గైడు.

"దీన్ని తుడిచేది ఎవరండీ?"

గుంపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. గైడు కూడా నవ్వింది. "పనివాళ్ళు ఉంటారు లెండి," అంది. తరవాత వెనక్కి తిరిగి ఆ చెక్కడాల్ని కొత్తగా చూస్తున్నట్టు ఒక నిమిషం చూసి, "నిజంగానే నాకు తెలీదు," అని ముందుకి నడిచింది.

బయటికొచ్చేసరికి నాలుగయింది. దమారిస్‌కి ఏదైనా కొనిపెడదామనిపించింది. పక్క సందులో కన్యాస్త్రీల మఠం ఉంది. లోపలివాళ్ళు బయటి మొహం చూడరు. గోడలో తిరిగే చెక్క పీపా ఒకటి ఉంటుంది. గంట కొడితే అటునుంచి గొంతు వినిపిస్తుంది, ఇటు డబ్బు పెడితే తిరిగి మిఠాయి డబ్బా వస్తుంది. బాదంపప్పూ పంచదారా నూరి కాల్చే మసపాన్. క్రిస్మసుకి ఆ డబ్బా లేని ఇల్లు ఆ దేశంలో ఉండదు.

"ఆవే మరియా," అంది లోపలి గొంతు. ముసలి గొంతు, ఊపిరి అందడం లేదు.

అంపారో జవాబు చెప్పి, "ఒక చిన్న డబ్బా, సోదరీ," అంది.

"చిన్నవి అయిపోయాయమ్మా. ఉండు, ఒకటి కడుతున్నాను. చేతులు పనిచెయ్యడం లేదు. పదిమందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు నలుగురం మిగిలాం. బాదం గింజలు మాత్రం తగ్గలేదు." లోపల కాగితం చరచర, తాడు తెగిన చప్పుడు. "దేవుడి పనే అనుకో. కానీ దేవుడికి కూడా డిసెంబరు వస్తే తెలుస్తుంది."

అంపారో ఆ చెక్క పీపాకి చెయ్యి ఆనించి నవ్వింది. ఊరొచ్చాక ఆమె మనసారా నవ్వింది అప్పుడే.

హోటలుకి చేరేసరికి అయిదుంపావు. దమారిస్ ఆమె తలుపు పక్కన నేలమీద గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. బూట్లు విప్పి పక్కన పెట్టుకుంది. అంపారోని చూసి లేవడానికి తొందరపడలేదు.

"సంతకం," అంటూ చీటీ చాపింది. నిన్నటి 'సెన్యోరా' కూడా లేదు.

"అదేంటమ్మా, ఇంకా ఇంటికి వెళ్ళలేదా? నీ పని మూడింటికి అయిపోవాలే?"

"పని దిగినట్టు కార్డు మూడింటికే కొట్టేశాను."

"మరి?"

దమారిస్ బూట్లు తొడుక్కుంటూ, బూట్లతోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది. "బోర్డు ఉన్న గదికి పనిమనిషి కాచుకుని ఉండాలి. అతిథి వచ్చి సర్దు అంటే సర్దాలి, వద్దంటే సంతకం తీసుకోవాలి. అయిదున్నర దాకా. గది సర్దలేదని ఎవరో ఇంటర్నెట్లో రాశారట, వేసవి నుంచి ఈ రూలు పెట్టారు. ఆ గంటలు లెక్కలోకి రావు. లిస్టు పూర్తయితేనే పని పూర్తయినట్టు."

అంపారో చేతిలో మిఠాయి డబ్బా ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తెలీలేదు.

"నాకు తెలీదు తల్లీ. మా దగ్గర బోర్డు ఉంటే గది కొట్టేస్తారు. నేనూ నీ పనేనే. గాందియాలో. ముప్ఫై ఏళ్ళు."

దమారిస్ తలెత్తి ఇప్పుడు మొదటిసారి ఆమెని సరిగ్గా చూసింది. "నిన్న మంచం చూసినప్పుడే అనుకున్నాను. అతిథులెవరూ ఆ మూల అలా మడవరు." బూటు తాడు ముడేసి, "నీకు తెలియాల్సింది అక్కా," అంది.

"నిన్నా, ఇవాళా..."

"నాలుగింటికి నాకు ఇంకో పని ఉంది. ఉంది కాదు, ఉండేది. మసపాన్ కార్ఖానాలో డబ్బాలు కట్టడం. క్రిస్మసు దాకా తీసుకుంటారు. బాగా చేస్తే ఏడాదంతా ఉంచుకుంటారు. నిన్న ఆలస్యమైతే ఊరుకున్నారు. ఇవాళ నాలుగున్నరకి ఫోన్ చేసి ఇంక రావద్దన్నారు." ఆమె చూపు డబ్బా మీద పడింది. "అది నాకా?"

అంపారో తలూపింది.

"వద్దక్కా. జుట్టులో కూడా అదే వాసన. మా పాప నన్ను దగ్గరికి రానివ్వడం లేదు, అమ్మా నువ్వు పంచదార కంపు అంటుంది." నవ్వబోయి, నవ్వలేక, సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురవడం అంటే ఇదే. అంపారో గదిలోకి వెళ్ళి, తన చేత్తో అద్దంలా సర్దిన మంచం అంచున కూర్చుంది. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండునని చాలాసేపు అనుకుంది. ఆ రోజు ఇంక భోజనానికి దిగలేదు.

ఆదివారం పొద్దున్న పక్క సర్దలేదు. చేతులు దుప్పటి మీదికి వెళితే వెనక్కి లాక్కుంది. రాత్రి దొర్లినదంతా దొర్లినట్టే ఉంచి, తువ్వాలు నేలమీద పడేసి, బోర్డు తీసి బల్ల సొరుగులో పెట్టి బయటపడింది. సిగ్గుతో మొహం వేడెక్కింది.

దమారిస్ సంగతి అడుగుదామని కింద దుప్పట్ల గదికి వెళితే, ఈ హోటలు సూపర్‌వైజరు పురా ఒక్కతే ఉంది. అరవైకి దగ్గర పడిన మనిషి, కళ్ళద్దాలకి తాడు, ఎడమ భుజం కుడిదానికంటే కిందికి జారి ఉంది. అంపారోని చూడగానే దుప్పట్ల మూట మీద చోటు చూపించింది.

"గాందియా అంపారోవి కదూ. బయార్రి ఫోన్ చేశాడులే. 'మా కొత్త సూపర్‌వైజరు, బాగా చూసుకో' అన్నాడు."

"ఇంకా కాలేదు."

"నేనూ అలాగే అన్నాను. నన్ను సెవియా పంపారు, నాలుగు రోజులు. ఒక పార్కులో నారింజచెట్టు కింద బెంచీ మీద కూర్చుని మధ్యాహ్నమంతా ఏడ్చాను. తిరిగొచ్చి ఒప్పుకున్నాను. ఈ భుజం చూశావుగా? చెయ్యి తలదాకా లేవదు. ఇంకేం చెయ్యమంటావు?"

అంపారోకి ఆమె మీద కోపం తెచ్చుకోవాలని ఉంది. రాలేదు. ఆ భుజం వైపు చూస్తే ఎలా వస్తుంది.

"ఆ పిల్ల రెండు రోజులు నా తలుపు ముందు కూర్చుంది పురా. కార్డు కొట్టేశాక. రెండో పని పోయింది."

"తెలుసు."

"తెలిసీ?"

"పైనుంచి కాగితం వచ్చింది. చదివి వినిపించమన్నారు, వినిపించాను. కాగితం నాది కాదు, గొంతు మాత్రం నాది. వాళ్ళు తిట్టుకునేది గొంతునే." పురా ఒక దిండు గలీబు తీసి మడిచి మళ్ళీ విప్పింది. "జనవరిలో మీ దగ్గరికీ వస్తుంది ఈ రూలు. బయార్రి చెప్పలేదా? ఇరవై రెండు గదుల కాగితంతోపాటే. నువ్వే చదివి వినిపిస్తావు. మొదటిసారి గొంతు వణుకుతుంది. రెండోసారికి అలవాటవుతుంది. ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. నాకు ఎవరూ చెప్పలేదు, అందుకని చెబుతున్నాను."

అక్కణ్ణించి అంపారో ఎటు నడిచిందో ఆమెకే తెలీదు. చివరికి సాన్ మార్తిన్ వంతెన దగ్గర తేలింది. కింద తాహో నది బురదరంగులో బద్ధకంగా పోతోంది. గోడమీద కూర్చోగానే ఒక జంట ఫోను చాపబోయి, ఆమె మొహం చూసి ఇంకొకరి దగ్గరికి వెళ్ళారు. అదే సమయానికి చెలో ఫోన్ చేసింది.

"ఏమే దొరసానీ! ఊరు బావుందా? మమ్మల్నిక్కడ వదిలేసి రాజుల కోటలు చూస్తున్నావా?"

"కాళ్ళు పడిపోయాయే. అన్నీ మెట్లే."

"మాకు మెట్లు లేవు గానీ ఇవాళ పంతొమ్మిది గదులు. ఒకదాంట్లో ఎవడో మంచం మీద కోడికూర తిన్నాడు." అటువైపు చెలో మూలిగింది, మోకాలు మార్చుకుని ఉంటుంది. "ఇదిగో, నిన్ను సూపర్‌వైజరు చేస్తారని రిసెప్షను మరియా చెప్పింది. నిజమేనా? నిజమైతే బాగుండు తల్లీ. నువ్వయితే మమ్మల్ని ఎరిగినదానివి. నువ్వుంటే మాకు భయం లేదు."

"చూద్దాంలేవే," అని మాత్రం అంది అంపారో. చెలో ఇంకా ఏవో జోకులు వేసింది. వాటికి నవ్వింది కూడా. ఫోను పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుంది. చెలో నమ్మకమే అన్నిటికంటే బరువుగా ఉంది. భయం లేదని నమ్మిన మనిషికి ఎదురుగా నిలబడి ఆ కాగితం చదవాలి. తన గొంతు కాబట్టే ఆ ఆడవాళ్ళంతా ఎదురు చెప్పకుండా వింటారు. బయార్రి కొంటున్నది ఆ గొంతునే.

మూడింటికి బస్‌స్టాపులో దమారిస్ కోసం నిలబడింది. దమారిస్ ఆమెని చూసి ముందు చిరాకుపడింది.

"ఇవాళ పక్క అలా వదిలేశావు, చాలా సంతోషం. ఇంకేం చెయ్యకక్కా, నీకు దణ్ణం పెడతాను."

"చెయ్యను. అడుగుదామనే వచ్చాను. నేను అతిథిని కదా, ఫిర్యాదు కాగితం అడగచ్చు. వాళ్ళు కాదనడానికి లేదు. ఒక ప్రతి గవర్నమెంటుకి వెళుతుంది."

ఫిర్యాదు కాగితం. ఏ అతిథైనా ఆ మాట అన్నాడంటే అంతస్తంతా నిశ్శబ్దమైపోతుంది. ఎవరి పని పోతుందో అని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. దమారిస్ కూడా అలాగే అంపారో మొహంలోకి చూసింది. బస్సు వచ్చింది. ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"నువ్వు వద్దంటే రాయను," అంది అంపారో. "మొన్న నిన్ను అడక్కుండా చేశాను. ఈసారి అడుగుతున్నాను."

"రాస్తే నీకేమవుతుంది?"

"సూపర్‌వైజరు చెయ్యరు."

"అంటే ఇరవై రెండు గదులు."

"అవును."

"నీ నడుముతో?"

దమారిస్ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని రోడ్డువైపు చూస్తూ నిలబడింది. "నా పేరు వద్దు," అంది చివరికి. "పురాకి ఎలాగూ తెలుస్తుంది గానీ పేరు వద్దు. గంటలు రాయి. శుక్రవారం మూడు నుంచి నాలుగున్నర. శనివారం మూడు నుంచి అయిదుంపావు. కార్డు కొట్టాక అని రాయి. నువ్వు కళ్ళారా చూసింది మాత్రమే రాయి, ఏడుపులూ అవీ వద్దు. ఏడుపులు వాళ్ళు చదవరు." తరవాతి బస్సులో వెళ్ళిపోతూ మెట్టు మీదనుంచి వెనక్కి తిరిగింది. "నీ తువ్వాలు నేలమీద బాగానే పడేశావు. దిండు మాత్రం సర్దావు. చూశాను."

గదికి వెళ్ళేసరికి పక్క వేసి ఉంది. దుప్పటి మూల దమారిస్ పద్ధతిలో, వెడల్పుగా మడిచి ఉంది. తనకి ఇంకొకరు పక్క వేసి ఎన్నేళ్ళయిందో అంపారోకి గుర్తు రాలేదు. అందులోకి దూరి, మెడదాకా దుప్పటి కప్పుకుని ఏడ్చింది. హాయిగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది.

సోమవారం పొద్దున్న పెట్టె సర్దుకుని కిందికి దిగింది. రిసెప్షనులో నెరిసిన గడ్డం మనిషి తాళం అందుకుంటూ, "టొలేడో నచ్చిందా సెన్యోరా?" అన్నాడు.

"నచ్చింది. ఫిర్యాదు కాగితం ఇవ్వండి."

అతని మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. కంప్యూటరులో చూశాడు. ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "మీరు మనవాళ్ళేగా. మీ గది కంపెనీ పేరు మీద ఉంది."

"ఉందండీ. మూడొందల పన్నెండు. అతిథినే కదా?"

"అతిథే అనుకోండి..."

"అయితే ఇవ్వండి. పెన్ను కూడా."

మూడు ప్రతుల కాగితం. అంపారో కౌంటరు మీదే నిలబడి రాసింది. అక్షరాలు పెద్దపెద్దవిగా, వంకరగా వచ్చాయి. చదువుకున్నది ఎనిమిదేళ్ళు, అందులో సగం గాందియా తోటల్లో నారింజలు కోస్తూ. పేరు, గుర్తింపు కార్డు నంబరు, ఇంటి అడ్రసు. 'ఏం జరిగింది' అన్నచోట రెండు రోజులు, గంటలు, కార్డు కొట్టాక అనీ రాసింది. 'నా తలుపు ముందు' అని రాసింది. ఏడుపులు రాయలేదు. వెనక వరసలో పెట్టెలతో నిలబడ్డవాళ్ళు నిట్టూరుస్తున్నారు. ఒకాయన "ఏమండీ, నవల రాస్తున్నారా?" అన్నాడు. ఆమె తల ఎత్తకుండా సంతకం చేసి, తన ప్రతి చింపుకుని కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

రైలు ఊరు దాటి పావుగంట కాలేదు, ఫోను మోగింది.

"అంపారో! ఏం చేశావు నువ్వు?" బయార్రి గొంతు కీచుగా వచ్చింది. "అది మన హోటలు! మనల్ని మనమే..."

"నేను అతిథినండీ. మీరే పంపారు."

"వేళాకోళాలు తరవాత. ఇన్‌స్పెక్షను వస్తే ఏమవుతుందో తెలుసా?" ఊపిరి పీల్చుకున్నాడు. గొంతు మెత్తబడింది. "సరే. అలసిపోయి ఉన్నావు, ఏదో రాసేశావు. మనిషన్నాక జరుగుతుంది. వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క ముక్క రాసివ్వు. నేను ఆ కాగితం సంగతి చూసుకుంటాను. రేపు పొద్దున్న వచ్చి సూపర్‌వైజరు కాగితం మీద సంతకం చెయ్యి. నీ నడుము గురించి ఆలోచించు అంపారో. పదేళ్ళ సర్వీసుంది నీకింకా."

ఆమె ఆలోచించింది. రైలు కుదుపుకి వెన్నులో ఆ రెండు పూసల దగ్గర నొప్పి తీగలా లాగుతోంది. అది చెబుతున్న మాట, బయార్రి చెబుతున్న మాట ఒకటే. పదేళ్ళు. రోజుకి ఇరవై రెండు. వేళ్ళతో లెక్కపెట్టడానికి కూడా ఓపిక లేదు.

"వింటున్నావా?"

"వింటున్నానండీ."

"మరి రేపు ఏమంటావు?"

"రేపు నేను సర్దేది ఏ అంతస్తండీ?"

లైను తెగిందేమోనని ఆమె ఫోను చెవినుంచి తీసి చూసింది, తెగలేదు.

"నాలుగు," అన్నాడు బయార్రి.

నాలుగో అంతస్తంటే అన్నీ కుటుంబాల గదులు, గదికి నాలుగేసి పక్కలు.

"సరేనండీ," అంది అంపారో. "ఎనిమిదింటికల్లా వస్తాను."